నేను కట్టిన ధర

ఆత్మకూరు బజారు సందులో పాత మిద్దె ఇల్లు. ముందు గదిలో నా కిరాణా కొట్టు, వెనక మా కాపురం, ఇరవై ఏళ్లుగా అద్దెకే. ఇంటావిడ హైమావతమ్మ దాన్ని అమ్మదలచి, ధర నన్నే చెప్పమంది. నేనే కొనాలన్న ఆశతో లోపాలన్నీ ఎంచాను. మిద్దె కారుతుందన్నాను. దూలాలకు చెద పట్టిందన్నాను. నా బావమరిది పెంచలయ్య పక్కనే నిలబడి ప్రతి మాటకూ తలూపాడు. చివరకు సగం ధర చెప్పాను. వెంటనే నేనే కొంటానంటే ఆమెకు అనుమానం వస్తుందని వారం ఆగాను.

ఎనిమిదో రోజు పెంచలయ్య ఇల్లు కొలిచే ఇనప టేపు పట్టుకుని వచ్చాడు.

"ఇల్లు నేను రాయించుకున్నా బావా. నువ్వు చెప్పిన రేటుకే ఇచ్చింది ఆయమ్మ. నెలలో ఖాళీ చెయ్."

"ఏందిరా నువ్వనేది? మీ అక్క కాపురం ఈ ఇంట్లోనే గదరా ఉండాది!"

"అందుకే చెప్తుండా. చెద పట్టిన దూలం అక్క మీద పడితే?"

నవ్వుతూ తలపై దూలాన్ని టేపు డబ్బాతో గట్టిగా కొట్టి చూశాడు. హైమావతమ్మ ముందు నేను తట్టకుండా వదిలేసిన దూలం అది. గట్టి టేకు, ఎక్కడా డొల్ల లేదు.