కదలని బాణం గుర్తు

పొద్దుటినుంచి పదకొండో ల్యాప్‌టాప్. వీర్రాజు మూత తీసి టచ్‌ప్యాడ్ మీద చూపుడు వేలు రాశాడు. తెర మీద బాణం గుర్తు కదల్లేదు. వేలు ప్యాంటుకి తుడుచుకుని మళ్లీ రాశాడు. ఊహూఁ.

కేంబ్రిడ్జ్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే గోడౌన్లో పద్దెనిమిదేళ్లుగా ఆయనది ఇదే బల్ల. నడుము వంగింది, కళ్లద్దాలు మందమయ్యాయి. గుడికి వెళ్తే మాత్రం అందరూ ‘కంప్యూటర్ వీర్రాజు గారు’ అనేవారు. ఆ పిలుపు కోసం ఏమైనా చేసేవాడు, తెలియదని ఒప్పుకోవడం తప్ప!

ఆ గొప్పే కొంప ముంచింది. బాలత్రిపురసుందరి గారని, గుడిలో పరిచయమైన, ఎనభై దాటిన రిటైర్డ్ డాక్టరమ్మ. ఆవిడ ల్యాప్‌టాప్‌కి కంపెనీ అప్‌డేట్లు ఆపేస్తే, “పారేయకండి, లినక్స్ వేసిస్తా” అని ఎగబడి వేశాడు. ఆ మోడల్‌కి లినక్స్ అనే ఆ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సరిపడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు మరి. అన్నీ పనిచేశాయి, టచ్‌ప్యాడ్ చచ్చింది. ఒక మౌస్ చేతిలో పెడితే సరిపోయేది. పెడితే ఓడినట్టే కదా! “చిన్న సెట్టింగేనండీ, ఆదివారం వచ్చి చూస్తా,” అన్నాడు.

“తొందరేం లేదు నాయనా. రోజూ మా చెల్లెలితో మాట్లాడుకోవడానికేగా,” అందావిడ.

ఐదు ఆదివారాలు గడిచాయి. దారి దొరక్క, ఆవిడకి ముఖం చూపించలేక, గుడికి వెళ్లడం కూడా మానేశాడు.

ఇప్పుడు బల్ల మీదున్నదీ ఆవిడ మోడలే, ఇందులోనూ లినక్సే వేశాడు. భోజనం వేళ, పెరుగన్నం డబ్బా పక్కన పెట్టుకుని, ఇంటర్నెట్ ఫోరంలో ఎవరో రాసిన ఒక్క లైను కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు చదువుకునే ఫైల్లో చేర్చాడు. రీస్టార్ట్ చేసి వేలు రాశాడు. బాణం గుర్తు సర్రున జారింది. సంతోషించాల్సింది. ఒక్క లైనుకి ఐదు వారాలా అని తల కొట్టేసినట్టయింది.

షిఫ్టు దిగగానే బస్సెక్కి ఆవిడ ఇంటికి వెళ్లాడు. కోడలు అనిత తలుపు తీసింది.

“మీకు తెలీదా అంకుల్? అత్తయ్య లాస్ట్ ట్యూస్‌డే నిద్రలోనే పోయారు. గుడి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టామే!”

ఆ గ్రూపు చూడడమూ మానేశాడాయన.

“ల్యాప్‌టాప్...” అన్నాడు.

“కీబోర్డుతోనే తంటాలు పడి రోజూ కాల్ చేసుకునేవారు అంకుల్. మౌస్ కొనిస్తానంటే వద్దన్నారు. ‘వీర్రాజు వస్తానన్నాడు, ఈలోగా కొంటే నొచ్చుకుంటాడు’ అని.”

సిగ్గుతో ఆయన తలెత్తలేకపోయాడు. అనిత లోపలినుంచి ల్యాప్‌టాప్ తెచ్చి చేతుల్లో పెట్టింది. ఏం చేయాలో తోచక మూత తీశాడు.

టచ్‌ప్యాడ్ మీద టేపుతో అంటించిన చిన్న కాగితం, వణికిన అక్షరాలతో: “చెల్లికి ఫోన్ - ట్యాబ్ మీట పద్నాలుగు సార్లు, తర్వాత ఎంటర్.”