కాలకుండా మిగిలిన పేజీ

కమలకుమారి కూతురు ధరణి బ్యాగు సర్దుతుంటే బట్టల మధ్య నుంచి ఒక నోటుబుక్కు జారిపడింది. అట్ట మీద పేరుండాల్సిన చోట పెద్ద అక్షరాలతో ‘తాలిబ్’ అని ఉంది.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

ధరణి హైదరాబాదులో ఏవో భాషల మీద పరిశోధన చేస్తోందనే ఆమెకు తెలుసు. లోపల కుడి నుంచి ఎడమకు సాగే రాత, పక్కన ‘పష్తోలో తాలిబాన్’. టీవీలో చూసిన తుపాకులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ‘అరబ్బీలో అడిగేవాడు, ఉర్దూలో తాలిబ్-ఇల్మ్, టర్కిష్‌లో తలెబె, అంతటా విద్యార్థే’ అని ఆ కిందే ఉంది గానీ, భయపడ్డ కంటికి అర్థాలు ఆనవు. రైల్లో ఎవడైనా తీసి చూస్తే? పిల్లని పోలీసులు పట్టుకుపోతే? అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

పలాసలో రైలు పదకొండింటికి. ధరణి స్నానానికి వెళ్లింది. పెరట్లో నీళ్లపొయ్యి కింద జీడితొక్కలు భగభగ మండుతున్నాయి.

కాగితం కాలికి తగిలితేనే కళ్లకద్దుకునే మనిషి. అందుకని ఒక్కో పేజీ చింపి, కళ్లకద్దుకుని, “తల్లీ సరస్వతీ, తప్పు కాయి” అంటూ పొయ్యిలో వేసింది. ఇంత భక్తిగా పుస్తకం కాల్చిన మనిషి ఉద్దానంలో ఇంకొకరుండరు. జీడిపొగకి కళ్లు మండినా ఆపలేదు.

ఆఖరి పేజీ అంతా తెలుగే.

‘తెలుగులో విద్యార్థి. చదువు ఇమ్మని అడిగేవాడు. ఉదాహరణకి మా అమ్మ. ఇంటరయ్యాక ఇంకా చదువుతానని మూడు రోజులు అన్నం మానేసి అడిగింది. పెళ్లి చేసేశారు.’

తను ఎప్పుడో కూతురికి నవ్వుతూ చెప్పిన సంగతి. కమలకుమారి ఆ పేజీ పొయ్యిలో వేయకుండా చేత్తో పట్టుకుని అక్కడే కూలబడింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

స్నానం చేసొచ్చిన ధరణి బ్యాగు వెతుక్కుని పెరట్లోకి వచ్చింది. “అమ్మా, నా నోటుబుక్కు సూసేవేటి? సోమవారం మా సారుకి ఇవ్వాల. ఆర్నెల్ల పని!”

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“కాల్చీసేనమ్మా. ఆ పేరు సూసి బయపడిపోయేను.”

ధరణి మొహం పాలిపోయింది.

కమలకుమారి లోపలికెళ్లి, పంచాయతీ ఎన్నికల కోసం భర్త సూర్యారావు తెప్పించిన కొత్త పుస్తకం, పెన్ను పట్టుకొచ్చింది.

“రేపూ రైలుంది. కూకో. నీకు గురుతున్నకాడికి సెప్పు, నాను రాత్తాను.”

ఎంతోసేపటికి ధరణి పక్కన కూర్చుంది. ఏడుస్తూనే మొదటి మాట చెప్పింది. తల్లి రాసింది.

వరండాలోంచి సూర్యారావు కేకేశాడు. “ఓటర్ల పేర్లు రాయాల, ఆ పుస్తకం ఏదే?”

“ఇవ్వను. నాను సదువుకుంతన్నాను.”