పదో బస్తా

“చెవులు ముడవండి బాబూ, చెవులు!” అని అరిచాడు ఆర్లో డెట్‌వైలర్.

చెవులంటే బండికి రెండు పక్కలా ఉండే అద్దాలు. ప్రస్ కలప అడితిలో చెక్కల కొట్టం ద్వారానికి అటూ ఇటూ రెండు ఓక్ స్తంభాలున్నాయి. ఇప్పటి యజమానురాలు కెండ్రా తాతగారు వాటిని పాతించిన రోజుల్లో, వాటి మధ్య పట్టని పికప్ ట్రక్కు నెబ్రాస్కా మొత్తంలో లేదు. ఇప్పుడు డెల్‌బర్గ్ ఊళ్ళో పట్టే ట్రక్కు ఎవరి దగ్గరుందో వెతుక్కోవాలి.

లోపల కూర్చున్న పళ్ళ డాక్టరు ఏదో మీట నొక్కాడు. అద్దాలు సన్నగా మూలుగుతూ బండి ఒంటికి ఒదిగాయి. ఆ మూలుగంటే ఆర్లోకి ఇష్టం. అంత లావు బండి, కోప్పడితే చెవులు వెనక్కి పెట్టుకున్న కుక్కపిల్లలా మెల్లిగా లోపలికొస్తుంటే, ఉదయం ఏడున్నరకే రోజు బాగున్నట్టు అనిపిస్తుంది.

డాక్టరు కొన్నది ఎనిమిదడుగుల చెక్కలు నాలుగు, సిమెంటు బస్తా ఒకటి. బండికి నాలుగు తలుపులు, అయిదుగురు కాళ్ళు బార్లా చాపుకునే తోలు సీట్లు. వెనక సామాన్ల తొట్టి మాత్రం అయిదున్నర అడుగులే. చెక్కలు రెండున్నర అడుగులు బయటికి పొడుచుకొచ్చాయి. బయటికొచ్చిన సరుకుకి ఎర్ర గుడ్డ కట్టాలి. ఆర్లో జేబులోంచి ఒక పీలిక తీసి ముడివేశాడు. దాని మీద చిన్న తెల్ల పువ్వులున్నాయి. నలభై ఒక్కేళ్ళ కిందట, అతను పనిలో చేరిన కొత్తలో, ఒక ఎర్ర చేతిరుమాలు ఏడాదంతా వచ్చేది. అప్పటి తొట్టి ఎనిమిదడుగులు. చెక్క పెట్టి తలుపు మూసేస్తే సరిపోయేది. బండ్లు పెరిగేకొద్దీ తొట్లు కుదించుకుపోయాయి, గుడ్డల ఖర్చు పెరిగింది. ఇంట్లో ఎర్రవి బల్లగుడ్డలూ తెరలూ అన్నీ అయిపోయి, ప్రస్తుతం అతని భార్య లవోన్ పాత గౌను నడుస్తోంది.

“బస్తా తొట్టిలో వద్దు, గీతలు పడతాయి. ముందు సీట్లో పెట్టండి,” అన్నాడు డాక్టరు.

పెట్టాడు. వెంటనే బండి టింగు టింగుమంటూ గోల మొదలెట్టింది. సీట్లో ఎవరో బెల్టు లేకుండా కూర్చున్నారని దాని బాధ. ఆర్లో బస్తా నడుం చుట్టూ బెల్టు వేసి బిగించాడు. గోల ఆగింది.

“బుద్ధిమంతుడే. దార్లో మాట్లాడించకండి, నిద్రపోతాడు,” అన్నాడు ఆర్లో. డాక్టరు ఇంకా నవ్వుతూనే వెళ్ళాడు.

ఆర్లో మాత్రం కార్యాలయం కిటికీ వైపు చూశాడు. కెండ్రా కాఫీ కప్పుతో నిలబడి ఉంది. చూస్తోంది. ఈ శుక్రవారం సాయంత్రం అయిదు దాకా చూస్తూనే ఉంటుంది. ఒప్పందం అదే.

కిందటి మంగళవారం జరిగిందేమిటంటే, ఆర్లో ఎనభై పౌన్ల బస్తా ఒకటి ఎత్తి బ్రేడీ కాల్‌హూన్ కొత్త ట్రక్కు తొట్టి అంచు మీద పెట్టబోయాడు. ఆర్లో పొడవు అయిదడుగుల మూడంగుళాలు. తొట్టి అంచు సరిగ్గా అతని గడ్డానికొచ్చింది. బస్తా అంచు దాకా వెళ్ళి, ఆలోచించి, వెనక్కొచ్చి, ముత్యంలా మెరిసే ఆ తెల్ల బండి పక్కమీద పగిలింది. బ్రేడీ ఊళ్ళో బీమా ఏజెంటు. పాపం, పల్లెత్తు మాట అనలేదు. కాని కెండ్రా సాయంత్రం ఆర్లోని కూర్చోబెట్టి, “సోమవారం నుంచి లోపల రంగుల బల్ల దగ్గరికి రండి ఆర్లో. ఫ్యాన్ ఉంటుంది, కుర్చీ ఉంటుంది,” అంది.

“రంగుల గురించి నాకేం తెలుసు తల్లీ?”

“తెల్లరంగే ఎక్కువ పోతుంది. నలభై రెండు రకాలున్నాయి.”

తెల్లరంగులో నలభై రెండు రకాలా! ఆ రాత్రి అతనికి ముద్ద దిగలేదు. అసలు బాధ రంగులది కాదు. లోపలి పనివాళ్ళు మధ్యాహ్నం భోజనానికి వంతులవారీగా వెళ్ళాలి. ఒకరోజు పదకొండుకి, ఒకరోజు రెండింటికి, వెనకగదిలో, గోడకేసి చూస్తూ. ఆరుబయట పని వాడికైతే పన్నెండు కొట్టగానే లవోన్ వస్తుంది. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ప్రపంచంలో ఎవరికీ ఏ చెక్కా దొరకదు.

మర్నాడు తనే వెళ్ళి అడిగాడు. “ఒక్క రోజు చూడు. శుక్రవారం. ఎవరి చెయ్యీ పడకుండా, ఫోర్క్‌లిఫ్ట్ ముట్టకుండా, వచ్చిన ప్రతి బండికీ నేనే ఎక్కిస్తాను. ఒక్కటి తప్పినా సోమవారం నీ తెల్లరంగులు కలుపుతాను. తప్పకపోతే మళ్ళీ ఆ మాటెత్తకూడదు.”

కెండ్రా చిన్నప్పుడు ఈ అడితిలోనే చెక్కపొట్టులో ఆడుకుంది. అరికాళ్ళలో గుచ్చుకున్న పుల్లలు తీసింది ఆర్లోనే. కాదనలేకపోయింది.

అందుకని శుక్రవారం ఆర్లో ఇంటి నుంచి వంటింటి పీట తెచ్చుకున్నాడు. పీట వాడకూడదని ఒప్పందంలో లేదు. ఇంకా కొన్ని ఎత్తులు వేశాడు. ఒకప్పుడు రైలు సరుకు దించిన పాత ఎత్తరుగు దగ్గరికి బండి వెనక్కి తెమ్మని, కొనడానికొచ్చిన ఇద్దరిని మొహమాటపెట్టాడు. అరుగు మీంచయితే బస్తాలు దొర్లిస్తే చాలు. ఆ ఇద్దరూ వెనక్కి చూడరు, ముందున్న తెరలో చూస్తారు. అరుగు ఇంకా గజం దూరంలో ఉండగానే బండి కేకలు పెడుతుంది, వాళ్ళు ఆగిపోతారు. “రావచ్చు, ఇంకా రావచ్చు! దాని మాట వినకండి, దానికి భయమెక్కువ!” అంటూ ఆర్లో చేతులూపాడు. మొత్తానికి పన్నెండయ్యేసరికి పద్నాలుగు బండ్లు వెళ్ళాయి. ఎడమ భుజంలో మాత్రం ఎవరో లోపల్నుంచి తలుపు తడుతున్నట్టుంది.

పన్నెండుకి లవోన్ వచ్చింది, వాళ్ళ పాత చిన్న పికప్‌లో. ఎనభై మూడులో పెళ్ళైన నెలకే కొన్నది. తుప్పు ఎక్కువా రంగు ఎక్కువా అంటే చెప్పడం కష్టం. వెనక తలుపు దించితే తొడలంత ఎత్తులో ఆగుతుంది. తుంటి ఆపరేషన్ అయిన లవోన్ కూడా ఇలా వెనక్కి వాలితే అలా కూర్చుంటుంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, కాళ్ళు ఊపుకుంటూ, గొడ్డుమాంసం, క్యాబేజీ కూరి కాల్చిన వేడి వేడి బన్నులు విప్పారు. పొగ ఆమె కళ్ళజోడు మీదికి పాకింది. ఆమె తుడుచుకోలేదు, అలాగే గుడ్డిగా కొరికింది. నలభై ఒక్కేళ్ళుగా ఆమె తుడుచుకోదు, అతనికి నవ్వు ఆగదు.

“భుజం ఎలా ఉంది?” అంది.

“ఏ భుజం?”

“నువ్వు పట్టుకుని కూర్చున్నది.”

ఆర్లో చెయ్యి తీసేశాడు. “బానే ఉంది.”

“అబద్ధాలాడితే బన్ను లాక్కుంటా, ముసలోడా.”

“సగం బానే ఉంది.”

ఆమె తన బన్నులో మాంసం ఎక్కువున్న వైపు తుంచి అతని చేతిలో పెట్టింది. ఎదురుగా రోడ్డు మీద ఒక కుర్రాడు తన బండి ఎక్కుతున్నాడు. ముందు మెట్టు, తర్వాత పిడి, తర్వాత ఒక చిన్న గెంతు. “మేడెక్కుతున్నాడు చూడు,” అంది లవోన్. ఇద్దరూ నవ్వుతూ కాఫీ ఒలకబోసుకున్నారు.

నాలుగూ ముప్పావుకి, ఇంకెవరూ రారు, గెలిచేశాననుకుంటున్న సమయంలో, బ్రేడీ కాల్‌హూన్ తెల్ల ట్రక్కు వచ్చింది. కొట్టంలోకి రాలేదు. చెవులు ముడిచినా అది పట్టదు.

“పది బస్తాలు కావాలి పెద్దాయనా,” అన్నాడు బ్రేడీ, మంగళవారం సంగతి తనే తప్పు చేసినట్టు సిగ్గుపడుతూ.

“వెనక తలుపు తెరువు బాబూ.”

“అదే చిక్కు. అది ఫోన్‌తో తెరుచుకుంటుంది. ఫోన్‌లో చార్జింగు అయిపోయింది.”

“చేత్తో తెరుచుకోదా?”

“చేత్తోనా?” అన్నాడు బ్రేడీ. ఆ ఆలోచన అతనికి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ఇద్దరూ వంగి చూశారు. పట్టుకోవడానికి పిడి లేదు.

ఆర్లో బస్తాల బండిని తోసుకొచ్చి పీట వేసుకున్నాడు. ఒకటి. రెండు. బస్తాని గుండెకి హత్తుకుని పీటెక్కి, అంచు మీద ఆనించి, అవతలికి తోసి, దిగి, ఊపిరి పీల్చుకుని. అయిదు. ఆరు. కిటికీలో కెండ్రా ఒక చేత్తో ఫోన్ చెవికి ఆనించుకుని, రెండో చేత్తో నోరు మూసుకుని చూస్తోంది. తొమ్మిది. గేటు దగ్గర లవోన్ చిన్న బండి వచ్చి ఆగింది.

పదో బస్తా ఎత్తి పీటెక్కాడు. అంచు మీద ఆనించాడు. సరిగ్గా అప్పుడు బ్రేడీకి, పోనీ ఈలోగా ఫోన్ చార్జింగుకి పెడదామనిపించింది. తలుపు తెరిచాడు. తలుపు తెరిస్తే యజమాని సుఖంగా ఎక్కడానికి బండి పొట్ట కింద నుంచి పొడవాటి ఇనప మెట్టు ఒకటి దానంతటదే బయటికొస్తుంది. వచ్చింది. ఆర్లో కాళ్ళ కింది పీటని ఎంతో మర్యాదగా పక్కకి నెట్టేసింది.

ఆర్లో బస్తాని వదల్లేదు. ఒక క్షణం అంచు మీద పొట్టతో వేలాడుతూ, కాళ్ళు గాలిలో కొట్టుకున్నాడు. తర్వాత బస్తా అవతలికి జారింది. దాని వెనకే ఆర్లో.

బ్రేడీ తిరిగి చూసేసరికి కింద బస్తాలు లేవు, మనిషి లేడు. పని పూర్తిచేసి లోపలికి వెళ్ళిపోయాడనుకున్నాడు. “థాంక్స్ పెద్దాయనా!” అని కొట్టం వైపు కేకేసి, బండెక్కి పాట పెట్టుకున్నాడు.

ఊపిరి అందేలోపే బండి కదిలింది. ఆర్లో డ్రైవరు సీటు వెనకున్న అద్దం మీద మూడుసార్లు గుద్దాడు. ముందు సీట్లో బ్రేడీ, బస్తాలు సర్దుకుంటున్నాయనుకుని పాట ఇంకాస్త పెంచాడు. ఆర్లో లేవబోయాడు, మలుపు వచ్చింది, మళ్ళీ పడుకున్నాడు. చేతులూ కాళ్ళూ కదిపి చూసుకుంటే అన్నీ పనిచేస్తున్నాయి. బస్తాలు వెచ్చగా ఉన్నాయి. ఇంత ఖరీదైన బండిలో అతను ఇదివరకెప్పుడూ ఎక్కలేదు.

తొట్టి గోడలు అంత ఎత్తు కావడంతో ఊరు కనబడలేదు. రోడ్డూ మనుషులూ కొట్లూ ఏమీ లేవు. ఆకాశం, దాని కింద వరసగా ఇళ్ళ పైకప్పులు మాత్రం వెనక్కి నడుస్తున్నాయి. ఆర్లో వాటిని చూస్తూ చూస్తూ తల ఎత్తాడు.

అది లూథరన్ చర్చి. రాళ్ళవాన పడ్డ ఏడు రెండొందల పన్నెండు కట్టల పెంకులు ఎక్కించాడు. అప్పుడు అతనికి మీసం ఉండేది. అది బడి వ్యాయామశాల. పొడుగు దూలాలు, మూడు రోజులు. ఆ ఆకుపచ్చది చనిపోయిన హోఫర్ గారి భార్యది. ఎర్రరంగువి ఎక్కించాక మనసు మార్చుకుంటే మళ్ళీ దించాడు. ఆ చిన్న కప్పు మీది అతుకు, సుడిగాలి వచ్చిన మర్నాడు పొద్దున్నే. ఒక్కొక్కటీ అతని గుండెకి ఆని, అవతలికి వెళ్ళిందే. నలభై ఒక్కేళ్ళు ఎక్కించి, వెనక తలుపు మీద రెండుసార్లు తట్టి పంపేయడమే తప్ప, సరుకుతో పాటు తనెప్పుడూ వెళ్ళలేదు. ఇదే మొదటిసారి.

వెనక ఎక్కడో కింద నుంచి, మేకపిల్ల అరిచినట్టు సన్నటి హారన్ వినిపిస్తోంది. ఆర్లో పడుకునే చెయ్యి పైకెత్తి ఊపాడు. హారన్ ఆగి, రెండు పొట్టి కూతలు కూసింది.

బ్రేడీ ఇల్లు ఊరి చివర. బండి షెడ్డు ముందు ఆగింది. ఈపాటికి ఫోన్‌కి ప్రాణం వచ్చినట్టుంది. వెనక తలుపు రాజదర్బారు తెరలా నెమ్మదిగా దిగింది. ముందు ఆర్లో బూట్లు, తర్వాత మోకాళ్ళు, తర్వాత బస్తా మీద కూర్చున్న ఆర్లో మొత్తం కనబడ్డాడు. బ్రేడీ కెవ్వుమన్నాడు.

“పదీ వచ్చాయి. లెక్క చూసుకో,” అన్నాడు ఆర్లో.

“అయ్యో! మీరు... మీకేం దెబ్బ తగల్లేదు కదా?”

“లేదు. బాగా తోలతావు. బస్తాలెందుకు?”

బ్రేడీ చెవులు ఎర్రబడ్డాయి. “బండి షెడ్డులో పట్టట్లేదు. నాలుగడుగులు బయటికొస్తోంది. అందుకని ముందర గచ్చు వేద్దామని... నిజానికి ఈ బండి మోసిన మొదటి బరువు ఇదే.”

అప్పటికి లవోన్ చిన్న బండి దిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. “ఏమయ్యా, దిగుతావా, అక్కడే కాపురం పెడతావా?”

“దిగుదామనే ఉంది. నేల ఎక్కడో కింద ఉంది.”

ఆమె వెళ్ళి చిన్న బండిని వెనక్కి తెచ్చి, తెల్ల బండికి తోకకి తోక ఆనించింది. పైమెట్టు అదీ, కిందిమెట్టు ఇదీ. ఆర్లో మెట్లు దిగినట్టే దిగాడు.

“మరి ఇవి దించడం ఎలా?” అన్నాడు బ్రేడీ, పది బస్తాల వైపు చూస్తూ.

“అది నాకు తెలీదు బాబూ. నాది ఎక్కించే పని.”

తిరిగి వస్తుంటే లవోన్, “ఎవరి చెయ్యీ పడలేదు. గెలిచినట్టేగా?” అంది.

“గెలిచాను.”

“అయితే సోమవారం మళ్ళీ కొట్టంలోకే.”

ఆర్లో బయటికి చూశాడు. చిన్న బండి కిటికీలోంచి ఇళ్ళ గుమ్మాలే కనబడుతున్నాయి, కప్పులు లేవు. “కొట్టంలోకీ వద్దు, రంగుల దగ్గరికీ వద్దు,” అన్నాడు. “కెండ్రాకి నేను చెప్తాలే. గెలిచినప్పుడే చెప్పడం బాగుంటుంది.”

ఆమె బండి వేగం తగ్గించింది. “మరి పన్నెండింటికి బన్నులెక్కడ తింటాం?”

“ఎక్కడైనా. వెనక తలుపు మనతోనే వస్తుందిగా.”

సోమవారం ఉదయం కెండ్రా తనే కొట్టం తలుపులు తెరిచింది. పళ్ళ డాక్టరు మళ్ళీ వస్తే చెవులు ముడవమని ఎవరూ అరవక, కుడివైపు అద్దం స్తంభానికి తాకింది. అతన్ని పంపించి, ఆర్లో వస్తువులేమైనా ఉంటే ఇంటికి పంపుదామని, తలుపు వెనకున్న పాత మేకుల పీపా మూత తీసింది.

నిండా చేతితొడుగులు. బస్తా అడుగున కుడిచెయ్యే కదా పెట్టేది, కుడిచేతిది ముందు చిరుగుతుంది. కొత్త జత విప్పినప్పుడల్లా బాగున్న ఎడమదాన్ని పారేయడానికి అతనికి మనసొప్పి ఉండదు. కెండ్రా మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. అడుగు దాకా అన్నీ ఎడమచేతివే, తోలు ఇంకా పసుపుపచ్చగా. అన్నిటికంటే పైనున్నది మాత్రం వెల్లకిలా పడి, వేళ్ళు కొద్దిగా ముడుచుకుని, దేన్నో అవతలి అంచుకి అందించడానికి సిద్ధంగా ఉంది.