బడి గేటు దగ్గర తెల్లచీర

గోదారి ఒడ్డున మా దరియాలతిప్పలో పిల్లల్ని బడికి దింపే ఆడవాళ్లందరం ఒకేలా ఉంటాం. నైటీ, దాని మీద భుజాల నిండా కప్పుకున్న తువ్వాలు. పొయ్యి మీద ఎసరు పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా వెళ్లి వచ్చేసరికి అది మరుగుతూ ఉంటుంది. మగవాళ్లు దింపితే లుంగీ. అందులో ఎవరూ చూసేదేమీ ఉండదు.

మా ఎస్తేర్‌రాణి ఒకటో తరగతి దాకా అలాగే చదువుకుంది. ఈ జూన్‌లో దానికి టౌన్లో ఇంగ్లీషు మీడియం బళ్లో సీటు వచ్చింది. సర్వీసు ఆటోలో దింపడానికీ, తీసుకురావడానికీ నేనే వెళ్లాలి. మా ఆయన యోహాను చేపలవేటకి పడవ మీద వెళ్తే ఎన్నింటికి ఒడ్డుకొస్తాడో చెప్పలేం.

సీటు కోసం వెళ్లిన రోజునే ఆ గేటు దగ్గర తల్లిదండ్రుల్ని చూశాను. ఫరంపేట వైపు నుంచి స్కూటీల మీద వచ్చిన తల్లులు చుడీదార్లు వేసుకుని, ఇస్త్రీ చున్నీలకు పిన్నీసులు పెట్టుకుని ఉన్నారు. ఉద్యోగాలకు వెళ్లే తండ్రుల మెడలో కార్డులు వేలాడుతున్నాయి. మెట్టకూరు నుంచి వచ్చిన ఒక రైతు ఇన్‌షర్టు చేసుకున్నాడు. పొలంలో కట్టుకునే లుంగీ మడత పెట్టి బైకు సంచిలో పెట్టుకున్నాడు. పిల్లాణ్ణి దింపాక దారిలో ఎక్కడో మార్చుకుంటాడు కాబోలు.

ఇంటికొచ్చి బీరువా తెరిచాను. రోజూ కట్టుకునే చీరలు రంగు వెలిసిపోయి ఉన్నాయి. నాకున్న మంచి చీరలు మూడే, మూడూ తెల్లవే. ఒకటి పెళ్లిచీర, రెండు ఆదివారం ఆరాధనకు కట్టుకునేవి. దేవుడి ముందుకు వెళ్లే చీర బడికి పనికి రాదా అనుకున్నాను. నీలం అంచు ఉన్నది తీసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసుకున్నాను. మా చర్చి సంఘంలో ఆడవాళ్లం బొట్టు పెట్టుకోం, నగలు పెట్టుకోం. మొదటిరోజు ఆ తెల్లచీర కట్టుకుని, జుట్టు నున్నగా దువ్వి ముడి వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాను.

చిలకాకుపచ్చ చుడీదార్ వేసుకున్న ఒకావిడ స్కూటీ స్టాండు వేసి నా దగ్గరికి వచ్చింది. పేరు దుర్గాశ్రీ అని తర్వాత తెలిసింది. వాళ్లాయన ప్రసాద్ గారికి బట్టల కొట్టు ఉంది. వాళ్ల పాప వీణ మా దాని తరగతే.

"నమస్తే అండి. మీరు పాస్టరుగారి భార్యండీ?"

అప్పుడే బెల్లు కొట్టారు. ఏం చెప్పాలో తోచక నవ్వాను. ఆవిడ ఆ నవ్వును అవుననుకుంది. నేను కాదనలేదు.

సాయంత్రం ఎస్తేర్‌రాణి ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని చెప్పింది. "పొద్దున్న ఒకమ్మాయి నా బ్యాగు వాసన చూసి ముక్కు మూసుకుందమ్మా. చేపలంది. మధ్యాహ్నం వీణ వచ్చి, 'వీళ్లమ్మ పాస్టరమ్మగారు, అలా అనకూడదు' అని ఆ అమ్మాయితో అంది. తన బెంచీలో కూర్చోబెట్టుకుంది."

ఆ మాట విన్నాక కాదని చెప్పడం మర్నాటికి వాయిదా వేశాను. మర్నాడు ఆ పక్కరోజుకి వేశాను.

వారం తిరిగేసరికి గేటు దగ్గర అందరికీ నేను పాస్టరమ్మగారిని. నేను వస్తుంటే తప్పుకుని దారిచ్చేవారు. వాచ్‌మన్ లూయిస్‌గారు పెద్దాయన, రోజూ నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. మా అసలు పాస్టరమ్మ రెబెకమ్మగారు మామూలు రోజుల్లో వాళ్లబ్బాయి అనిల్‌ని మా ఊరి బడికి నైటీలోనే దింపుతారు. నాకు అది గుర్తొచ్చినప్పుడల్లా ఆ కుర్చీలో కదిలి కూర్చునేదాన్ని.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిణ్ణే అడిగాను.

"మనం తెల్లచీరే ఎందుకు కట్టుకుంటామండి?"

"పరిశుద్ధతకి గుర్తమ్మా." చెప్పి, కొంచెం ఆలోచించి, "మా అత్తగారు కట్టుకునేవారు. నేనూ కట్టుకుంటన్నాను. ఏం, ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదండి. ఊరికే."

మనసులో తెలుపు లేకుండా చీరలో ఉంటే అది ఎవరికి గుర్తు అని అడగాలనిపించింది. అడిగితే నా సంగతి బయటికి వస్తుందని ఊరుకున్నాను.

జూలైలో వానలు పట్టుకున్నాయి. మూడు చీరలు రోజు మార్చి రోజు ఉతికి, నీలిమందు పెట్టి, ఆరకపోతే ఫ్యాను కింద పరిచేదాన్ని. ఆటోలో పక్కన చేపల గంప ఉంటే ముడుచుకుని కూర్చునేదాన్ని. నా ఊరి గంపే, నా వదినలాంటి మనిషి గంపే. ఆవిడ నా వంక చూసి గంప తనవైపు లాక్కున్నప్పుడు సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

ఒక శుక్రవారం పొద్దున దుర్గాశ్రీ నా కుర్చీ పక్కన గొంతుకూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి.

"మా అమ్మకి గుండె ఆపరేషనంటండి. కాకినాడలో చేర్చాం. పేరు కనకదుర్గ. మా ఇంట్లో పూజలు చేయిస్తానే ఉన్నాం. మీ దేవుడికి కూడా ఓ మాట చెప్పండి. మీరు చెప్తే వింటాడు కదా."

"చెప్తానండి," అన్నాను.

నిజంగానే చెప్పాను. పొద్దునా సాయంత్రం మోకరించి కనకదుర్గగారి పేరు పెట్టి ప్రార్థించాను. కానీ ప్రార్థన మధ్యలో ఒక ఆలోచన అడ్డం వచ్చేది. ఆవిడ అడిగింది పాస్టరమ్మని. మోకరించింది వల వేసుకునే యోహాను పెళ్లాం. నాది కాని పేరు పెట్టుకుని అడిగితే ప్రభువు వింటాడా?

సోమవారం ఆవిడ మళ్లీ వచ్చింది. "గురువారం ఆపరేషను. దానికి ముందు ఒకసారి పాస్టరుగారిని ఆసుపత్రికి తీసుకొస్తారా అండి? కారు పంపిస్తాను. అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తే నాకు ధైర్యంగా ఉంటది."

"ఆయన్ని అడిగి చెప్తాను," అన్నాను.

అన్నం తింటుంటే యోహానుకి అంతా చెప్పాను. ఆయన ముద్ద నోటి దగ్గర ఆపి విన్నాడు. తర్వాత నవ్వు మొదలెట్టాడు.

"ఆయ్, నెల్రోజులుగా నేను పాస్టర్నా? ఒక్క ముక్కన్నా చెప్పకపోతివి. కానుకల పెట్టె పట్టుకుని పడవెక్కేవోణ్ణి."

"నవ్వకు. నాకు భయంగా ఉంది."

"యేసయ్య శిష్యుడు పేతురుగారు మాత్రం ఏం చేసేవోడంట? మన పనేగా." నవ్వు ఆపి, పిల్లవైపు చూశాడు. "ఏమ్మా రాణీ, అందుకేనా నన్ను బడికాడికి రావొద్దన్నావు?"

ఎస్తేర్‌రాణి కంచంలోకి చూస్తూ కూర్చుంది. నాకు తెలియని సంగతి అది.

"అమ్మా, చెప్పకే. చెప్తే వీణ నన్ను బెంచీలోంచి లేపేత్తది," అంది.

యోహాను లేచాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, దాని జుట్టు మీద తడిచెయ్యి రాశాడు. "ఆ ముసలమ్మ ఎవరో గుండెకి కత్తి పెట్టించుకుంటందే అమ్మా. ఆవిడ కాడ అబద్ధం ఆడకూడదు," అన్నాడు. నా వైపు తిరిగి, "రేపు నేనూ వత్తాను. ఇద్దరం కలిసి చెప్పేద్దాం. వొక్కదానివి నిలబడలేవు," అన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆయన తయారై వస్తే గుమ్మంలో నిలబడిపోయాను. తెల్లచొక్కా, తెల్లపాంటు, నూనె పెట్టి దువ్విన జుట్టు. మా మగవాళ్లకీ ఆదివారం బట్టలు అవే.

"ఈ అవతారంలో వస్తే నోరు విప్పకముందే కాళ్లకి దణ్ణం పెడతారు. మార్చుకో."

ఆయన తన వైపు చూసుకుని, "నిజమేనే," అని లోపలికి వెళ్లి గళ్ల లుంగీ కట్టుకొచ్చాడు. నేను వెలిసిపోయిన ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. నేను మాట్లాడేలోపు నా బట్ట ఇంకోటి చెప్పకూడదనుకున్నాను. ఎస్తేర్‌రాణి ఆటోలో మా ఇద్దరికీ ఎడంగా జరిగి కూర్చుంది.

గేటు దగ్గర దుర్గాశ్రీ ఎవరి కోసమో వెతుకుతోంది. ఆవిడ చూపు నా మీద నుంచి వెళ్లిపోయింది. ఆగలేదు. నెల్రోజులు పలకరించిన ముఖం ఆ చీరలో ఆవిడకి కనిపించలేదు.

"దుర్గాశ్రీగారూ, నేనేనండి."

ఆవిడ నన్ను చూసింది, యోహానుని చూసింది, ఆయన లుంగీ చూసింది.

"నేను పాస్టరమ్మని కాదండి. నా పేరు సుశీల. ఈయన మా ఆయన, గోదాట్లో చేపలు పడతాడు. మొదటిరోజు మీరడిగినప్పుడే చెప్పాలి. చెప్పలేదు. తప్పు నాదే, పాపది కాదు. మీకు కావాలంటే మా సంఘం పాస్టరు అయ్యగారిని తీసుకొస్తాం, ఆయన కాదనరు."

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు తల్లులు మాటలాపి చూశారు.

"మరి మా అమ్మ కోసం ప్రార్థన?" అంది ఆవిడ. "చెప్తానన్నారు. అదీ అబద్ధమేనా?"

"అది చేశానండి. రెండు పూటలా, మీ అమ్మగారి పేరు పెట్టి."

ఆవిడ వీణ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లిపోయింది. ఎస్తేర్‌రాణి ఒక్కత్తే వెనకాల నడిచింది, బ్యాగు రెండు చేతులా పట్టుకుని.

ఆ సాయంత్రం పిల్ల చెప్పింది, వీణ ఇంకో బెంచీకి మారిపోయిందని. ఏడవలేదు. నేనే ఏడ్చాను, ఆటో దిగాక.

బుధవారం దుర్గాశ్రీ రాలేదు. ప్రసాద్ గారు పాపని దింపి వెళ్లారు. నేను ఎండలో నిలబడ్డాను. లూయిస్‌గారు కుర్చీ తెచ్చి నా పక్కన వేశారు.

"వద్దండి. నేనెవరో తెలిసింది కదా."

"నువ్వు యోహాను పెళ్లానివని నాకు మొదటిరోజే తెలుసమ్మా. మీ ఆయన దగ్గర పీతలు కొంటాను."

"మరి కుర్చీ ఎందుకు వేశారు?"

"గోడకి కొత్త రంగేశారు. నువ్వు మొదట్లో దానికే ఆనుకుని నిలబడేదానివి. రంగు పోతే మా హెడ్‌మిస్ట్రెస్ నన్ను తింటది. కూర్చో."

నెల్రోజులుగా ఆ కుర్చీలో ఎంత ఇబ్బంది పడ్డానో తలుచుకుంటే నవ్వొచ్చింది. నవ్వుకుంటూనే కూర్చున్నాను.

గురువారం పొద్దున ఒక కారు గేటు ముందు ఆగింది. అందులోంచి దిగిన మనిషిని ఈసారి నేను గుర్తుపట్టలేదు. నైటీ, దాని మీద అడ్డదిడ్డంగా చున్నీ, జడ ఊడిపోయి ఉంది. కాలికి ఆసుపత్రి వార్డులో వేసుకునే నీలం రబ్బరు చెప్పులు. వీణ చెయ్యి పట్టుకుని ఉంటే అప్పుడు తెలిసింది దుర్గాశ్రీ అని.

పాపని లోపలికి పంపి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"రాత్రంతా ఆసుపత్రిలోనే ఉన్నాను. పాప నన్ను చూడందే బడికెళ్లనని పేచీ పెడితే వచ్చాను. పదింటికి లోపలికి తీసుకెళ్తారంట."

"అయ్యగారిని పిలవమంటారా అండి? ఫోన్ చేస్తే వచ్చేస్తారు."

"వద్దండి. ఆయనకి మా అమ్మ పేరు తెలీదు కదా. మీకు తెలుసు. రెండు పూటలా తలుచుకున్నారు. మీరే చెయ్యండి. ఇప్పుడే, ఇక్కడే. మళ్లీ వెళ్లిపోవాలి."

"ఇక్కడా? ఈ చీరలోనా?"

"నన్ను చూడండి ఎలా వచ్చానో," అందావిడ.

నేను ఆకుపచ్చ చీర కొంగు తల మీదికి లాక్కున్నాను. ఆవిడ రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. స్కూటీలు వస్తున్నాయి, పోతున్నాయి. నేను పెద్ద మాటలేమీ వాడలేదు, నాకు రావు కూడా. కనకదుర్గగారి గుండెను నీ చేతుల్లో పట్టుకో ప్రభువా, ఈ కూతురికి తల్లిని తిరిగి ఇవ్వు అన్నాను. నన్ను క్షమించమని కూడా అడిగాను, అది పైకి అనలేదు. ఆమేన్ అన్నాక ఆవిడ కూడా తడబడుతూ ఆమేన్ అంది. జోడించిన చేతులు విప్పుతూనే గబగబా వెళ్లి కారెక్కేసింది.

ఆ రోజు సాయంత్రం గేటు దగ్గర ప్రసాద్ గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఆపరేషను అయిందని, ఇంకా ఐసీయూలోనే ఉన్నారని, డాక్టర్లు పర్వాలేదన్నారని చెప్పారు. బెల్లు కొట్టగానే పిల్లలు బయటికి వచ్చారు. ఎస్తేర్‌రాణి, వీణ పక్కపక్కనే నడిచి వస్తున్నారు. ఏదో వాదించుకుంటున్నారు.

"మా నాన్న పడవకి ఇంజను కూడా ఉంది, కావాలంటే అడుగు," అంటోంది మాది.

పది రోజులు పోయాక దుర్గాశ్రీ మళ్లీ గేటు దగ్గర కనబడింది. ఇస్త్రీ చుడీదార్, పిన్నీసు పెట్టిన చున్నీ. అమ్మ ఇంటికి వచ్చేసిందని, ఇడ్లీలో ఉప్పు లేదని అందరినీ తిడుతోందని చెప్పింది. నవ్వుకున్నాం. అవతల యోహాను ఆటోకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి ఉంటే, ఎస్తేర్‌రాణి వెళ్లి దాన్ని కిందికి లాగి, ఆయన వేలు పట్టుకుని గేటు దాకా తీసుకొచ్చింది.

"మావయ్యగారూ, నన్ను పడవెక్కిస్తారా?" అని వీణ ఆయన్ని అడిగింది.

"మీ అమ్మ ఒప్పుకుంటే ఆదివారం మజ్జానం రండమ్మా. మేం మందిరం నించి వచ్చేత్తాం."

దుర్గాశ్రీ నా వైపు వంగి, మెల్లిగా అడిగింది.

"పడవెక్కాలంటే ఏం వేసుకురావాలండి?"

"తడిసినా పర్వాలేదనుకున్నది ఏదైనా," అన్నాను.