కన్నీళ్లు తిరిగొచ్చాక

ఆవిడ సిటీ బస్సు నడిపేది. అంత పెద్ద బండిని ఇరుకు సందుల్లో అవలీలగా తిప్పే మనిషికి ఒకప్పుడు దిగులు జబ్బుతో మంచం దిగడమే గగనమైపోయింది. అప్పుడు డాక్టరమ్మ రాసిన మాత్రే ఆవిణ్ణి మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. రోజూ టిఫిను తిన్నాక ఓ మాత్ర. ఏళ్లు అలా గడిచిపోయాయి.

కానీ ఆ మాత్రతో ఒళ్లు వచ్చింది. భర్త పక్కన చేరినా కోరిక పుట్టేది కాదు. కన్నతల్లి పోయినప్పుడు కంట చుక్క రాలేదు. ఆ సంగతే ఆవిణ్ణి లోలోపల తొలిచేసింది.

"ఇంకా ఎన్నాళ్లు మింగను?" అని ఓ రోజు భర్తను అడిగింది.

ఆయన ప్రింటింగు ప్రెస్సులో పనిచేసేవాడు, నెమ్మదస్థుడు. "బాగున్నావుగా. ఇప్పుడెందుకు కదిలించడం?" అన్నాడు.

"బాగున్నది నేనో, మాత్రో తేలాలిగా."

డాక్టరమ్మ కాదనలేదు. "మానేశాక కొందరికి జబ్బు మళ్లీ వస్తుంది, కొందరికి రాదు. మీ సంగతి ముందే చెప్పలేనమ్మా. మానాలంటే కొద్దికొద్దిగా తగ్గిద్దాం" అంది.

సెలవు పెట్టి, మాత్ర తగ్గించుకుంటూ మానేసింది. మొదట్లో కళ్లు తిరిగాయి, చీటికీమాటికీ చిరాకుపడింది. అవి సర్దుకున్నాక డ్యూటీకి వెళ్లింది. ఓ సాయంత్రం వంటింట్లో తల్లిని తలచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "వచ్చాయయ్యా, చూడు!" అంటూ తడిసిన చెంపలు చూపించింది, పోయిన నగ దొరికినంత సంబరంగా. ఆయనకీ కడుపు నిండిపోయింది. ఆ కొన్ని నెలలూ ఇంట్లో అలకలు, ముద్దులు, కూరలో ఉప్పు గురించి పోట్లాటలు, అన్నీ తిరిగొచ్చాయి.

ఆ తర్వాత నిద్ర కరువైంది. ఆకలి పోయింది. ఓ పొద్దున డిపో నుంచి ఫోను. బస్సు స్టార్టు చేసి సీట్లో అలాగే ఉండిపోయిందట, ఎంత పిలిచినా పలకడం లేదట. ఆయన పరుగున వెళ్లి, చెయ్యి పట్టుకుని దింపుకొచ్చాడు.

పాత మాత్రే మళ్లీ మొదలుపెట్టారు. వారాలు గడిచాయి, డోసు పెంచారు. ఈసారి ఆ మాత్రకు ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అదే మనిషి, అదే మాత్ర! అప్పుడు పనిచేసిందిగా డాక్టరమ్మా?" అన్నాడు ఆయన.

"కొందరిలో ఇలా జరుగుతుందండీ. ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు. ఇంకో మందు చూద్దాం."

"అసలు మానకుండా ఉండుంటే?"

"అప్పుడైనా మళ్లీ రాదని మాటివ్వలేను."

డాక్టరమ్మ మీద విరుచుకుపడదామని నోరు తెరిచాడు. ముందే దాపరికం లేకుండా చెప్పిన మనిషని గుర్తొచ్చి, కొత్త మందు చీటీ అందుకున్నాడు.

కొత్త మందు మొదలైంది, ఇంకా గుణం కనిపించలేదు. ఆయన ప్రెస్సు మాని ఇంట్లోనే ఉంటున్నాడు. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తింటుంది, మూడోదానికి తల తిప్పేస్తుంది.

"నన్నేం చెయ్యమంటావే?" అన్నాడు ఓ మధ్యాహ్నం.

ఆవిడ అంది, "నువ్వు మాత్రం ఏం చెయ్యగలవు? కూర్చో."

కూర్చున్నాడు. ఆవిడ గోడవైపు తిరిగింది. జారిన దుప్పటి పైకి లాగి కప్పి, మళ్లీ అక్కడే కూర్చున్నాడు.