ముళ్లు తీసిన కవళ్లు

లిఫ్టు కూడానా, ఎక్కేది మొగుడూ పెళ్లాం ఇద్దరే కదా, అనుకుంటూ జగన్నాధం ఆ మెరిసే తలుపులో తన నెరిసిన గడ్డం చూసుకున్నాడు, ఎలగున్నాదన్నయ్యా కొత్తిల్లు అని తోడల్లుడు ఉమాశంకర్ మీట నొక్కాడు, బాగుందిరా, ఎందుకు బాగుండదు, భోగాపురం దగ్గర ఆ సరుగుడు తోట తనదే కదా, ఇసకలో ఏటి పండుతాదిరా, నువ్వే తీసుకో అని నవ్వుతూ వీడికి అమ్మేసింది తనే కదా, ఉంచండీ, సాయంత్రం గాలి బాగుంటాది అని భార్య నారాయణమ్మ ఎంత చెప్పింది, ఆ తర్వాతే విమానాశ్రయం మాట పుట్టింది, ధర లేచింది, ఆ ఇసకే ఈ పాలరాయి అయింది, అడుగు వేసిన చోటల్లా పాదానికి చల్లగా తగిలి ఒళ్లంతా మంట.

కూకో బావా, నిలబడిపోయావేటి, ఇల్లు కొలతలేస్తన్నావా, అంది తులసి, నారాయణమ్మ చెల్లెలు, అచ్చం అక్క గొంతే, అదే ఎగతాళి, దొంగ దొరికినట్టు నవ్వి కూర్చున్నాడు, కంచంలో కవళ్ల పులుసు, ఇంత ఉన్నవాడికి వంజరం చేప దొరకలేదా, ఈ చేపను తను ముట్టి మూడేళ్లయింది, ఒళ్లంతా వెంట్రుకల్లాంటి ముళ్లు, నారాయణమ్మ ఉన్నన్నాళ్లూ అవి ఎలా ఉంటాయో తెలియలేదు, ఆమె పోయాక ఒకటి గొంతులో దిగితే ఉత్త అన్నం ముద్దలు మింగి ఆ రోజుతో మానేశాడు, తులసి వేళ్లు మాత్రం ఆగడం లేదు, చేపను చీల్చి, నడుము ముల్లు లాగి, సన్నవి తడిమి, తెల్లటి కండను మొగుడి కంచం అంచున చిన్న గుట్టగా పెడుతోంది, వాడు ఫోనులోంచి తలెత్తకుండా కలుపుకు తింటున్నాడు, ముల్లుంటుందేమోనన్న అనుమానమైనా లేకుండా, ఇది లిఫ్టు దగ్గరి మంట కాదు, ఇంకా లోపలిది.

ముట్టుకోవేటి బావా, అక్క తీసి పెట్టీది కదా, నాకు తెల్దేటి, అంటూ చెయ్యి చాపి ఒక గుట్ట అతని కంచంలోనూ పెట్టింది, నాలుక భయంగా ముల్లు కోసం వెతికింది, లేదు, ముప్పై ఒక్క ఏళ్లు తనూ పేపరు చదువుతూ ఇలాగే తిన్నాడు, ఆ వేళ్లకేసి ఒక్కనాడూ చూడలేదు, ఒరే శంకరం, ఆ ఫోను దించరా అన్నాడు, ఏటన్నయ్యా అన్నాడు వాడు అమాయకంగా, ఏం లేదు, తిను అన్నాడు పైకి, లిఫ్టు నీదే, తోటా నీదే, నా ఏడుపు వాటి మీద కాదు, నీ కంచం అంచు మీద.