చెరువు అడుగున మూటలు

మంచినీళ్ల చెరువులో ఇంజను నీళ్లు లాగడం మానేసింది. లోపల పైపు మూతికి ఏం అడ్డం పడిందో చూడమని సర్పంచి జానకిరామయ్య వేటపాలెం నుంచి ఇద్దరు ఈతగాళ్లను పిలిపించాడు, ఏసోబునీ పీరునీ. పత్తిని తెల్లదోమ ఊడ్చిపెట్టిన ఏడాది అది. ఏసోబు అన్న జక్రయ్య కౌలుచేను పోగొట్టుకుని పత్తిమందు తాగి చనిపోయాడు. అప్పట్నుంచీ ఏసోబు మనిషి మనిషిలా లేడు.

ముందు అతనే మునిగాడు. పైపు మూతికి గుడ్డమూట అతుక్కుని ఉంది. బురదలో తడిమితే చేతికి మరొకటి తగిలింది. చంటిబిడ్డంత ఉంది. వెంటనే పైకొచ్చేశాడు.

"ఏందిరా, అప్పుడే పైకొచ్చేశావు?" అన్నాడు పీరు.

"పసిపిల్లల్లా ఉన్నాయిరా. చీరగుడ్డల్లో చుట్టారు."

ఇద్దరూ కలిసి ఒకటి ఒడ్డుకు చేర్చారు. జానకిరామయ్య ముడి విప్పాడు. లోపల ఒక రాయి, ఒక పత్తిమందు డబ్బా. సీలైనా తియ్యలేదు. మునిగిన కొద్దీ ఇంకా వస్తూనే ఉన్నాయి.

"తాగే నీళ్లలో విషం పెట్టిందెవడ్రా? పోలీసులకు కబురు చెయ్యండి!" అని జానకిరామయ్య కేకలేశాడు.

బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లలోంచి వెంకాయమ్మ ముందుకొచ్చింది.

"ఆ నీలం చీర నాది బాబాయిగారూ. నేనే వేశా. గాదెలో దాస్తే మా ఆయన చూశాడు. గడ్డివామిలో పెడితే వెతికి తీశాడు. పారబోస్తే కంపుకి తెలిసిపోద్ది. ఆయనకి ఈత రాదు. మూత తియ్యలేదుగా, నీళ్లలో కలవదనుకున్నా."

"ఆ పచ్చగళ్లది నాది," అంది వెనక నుంచి కోటేశ్వరమ్మ. మిగతావాళ్లు తలలు దించుకున్నారు. పోలీసుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గట్టు మీద వెంకాయమ్మ భర్త వెంకటనారాయణ తుండుతో మొహం కప్పుకుని కూలబడ్డాడు.

రెబ్కా వదినకి ఇలాంటి చోటు తోచి ఉంటే అన్న బతికేవాడేమో అనుకున్నాడు ఏసోబు. పొద్దుగూకేదాకా మునుగుతూనే ఉన్నాడు. ఒక డబ్బా అడుగు తుప్పుపట్టి చిల్లిపడి, ఖాళీగా వచ్చింది. దాన్ని చూసి ఆడవాళ్లు బిందెల్లో ముంచుకున్న నీళ్లు అక్కడే ఒంపేశారు.

డబ్బాలన్నిటినీ చవుడునేలలో గుంట తవ్వి పూడ్చేద్దామన్నారు. వెంకటనారాయణ లేచొచ్చి గడ్డపార అందుకోబోయాడు.

"నువ్వు వాటి దగ్గరికి రాబాక," అంది వెంకాయమ్మ. ఆయన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఏసోబు గడ్డపార తీసుకుని తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ ఎండాకాలమంతా ఊరి ఆడవాళ్లు సాగర్ కాలవ దాకా నడిచి నీళ్లు మోశారు. దూరమని ఒక్కరూ సణగలేదు.